మొదటి అబ్‌స్ట్రాక్ట్ పెయింటర్ ఎవరు? హిల్మా ఆఫ్ క్లింట్ కథ

ఈ ఎపిసోడ్ ఒక తప్పు ఒప్పుకుంటూ మొదలుపెట్టాలి.

కొన్నాళ్ల క్రితం మోడరన్ ఆర్ట్ గురించి మాట్లాడుతూ నేను చాలా ధీమాగా ఒక మాట అనేశాను. ప్రపంచంలో మొట్టమొదటి అబ్‌స్ట్రాక్ట్ పెయింటింగ్ వేసింది రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీ, 1911లో అని. క్విజ్ పుస్తకాల్లో ఉండే జవాబే అది. దాని కింద ఒకమ్మాయి ఒకే ఒక్క లైను రాసింది: "మరి హిల్మా సంగతేంటి?"

నిజం చెప్పాలంటే ఆ పేరు నాకు అప్పటికి సరిగా తెలీదు. వెతికితే అసలు మొదటి వ్యక్తి ఈవిడే, మగవాళ్లు చరిత్రలో నుంచి తుడిచేశారు అని చెప్పే వీడియోలు బోలెడు కనిపించాయి. నాకూ ఆవేశం వచ్చింది. వెంటనే ఇంకో వీడియో తీసేద్దామనుకున్నాను, ఈసారి రెండో వైపు నుంచి, అంతే ధీమాగా. అదృష్టం బాగుండి ఆగి, కాస్త చదివాను. చదివితే తెలిసిందేంటంటే, ఆ రెండు మాటలూ సగం సగమే నిజం. అసలు కథ రెండిటికన్నా బాగుంది. ఇవాళ అదే చెప్తాను. మొదటి వ్యక్తి ఎవరన్నదానికి నా జవాబు చివర్లో.

ముందు అబ్‌స్ట్రాక్ట్ అంటే ఏంటో ఒక్క నిమిషం చూద్దాం. మామూలు బొమ్మలో చెట్టుంటే చెట్టులా కనిపిస్తుంది, మనిషుంటే మనిషిలా. అబ్‌స్ట్రాక్ట్ బొమ్మలో అలా గుర్తుపట్టే వస్తువు ఉండదు. రంగులు, గీతలు, ఆకారాలు, అంతే. చాలామంది దీన్ని చూడగానే "ఇది మా ఇంట్లో చిన్నోడు కూడా వేస్తాడు" అంటారు. కానీ మన వాకిట్లో మెలికల ముగ్గు చూడండి. చుక్కలు పెట్టి, చుట్టూ గీత తిప్పుకుంటూ పోతారు. అది ఏ వస్తువు బొమ్మా కాదు. అయినా "ఇదేంటి, దీని అర్థమేంటి?" అని దాన్ని ఎవరూ నిలదీయరు. బాగుంటే బాగుందంటాం. అంటే వస్తువు లేని బొమ్మ మన కంటికి కొత్తేం కాదు. కాకపోతే యూరప్‌లో పెయింటింగ్ అంటే కొన్ని వందల ఏళ్లపాటు మనుషులు, కథలు, దృశ్యాలే. అక్కడ ఆ గోడ బద్దలవ్వడం పెద్ద వార్త.

సరే, హిల్మా దగ్గరికి వద్దాం. పూర్తి పేరు హిల్మా ఆఫ్ క్లింట్. 1862 అక్టోబర్ 26న స్వీడన్‌లో, స్టాక్‌హోమ్ పక్కనే పుట్టింది. నాన్న నౌకాదళంలో అధికారి. సముద్రంలో ఓడలు దారి తప్పకుండా వాడే పటాలు గీసిన కుటుంబం వాళ్లది. ఈ విషయం కాస్త గుర్తుపెట్టుకోండి. కంటికి కనపడని లోతుల్ని కాగితం మీద గీతలుగా, అంకెలుగా, గుర్తులుగా చూపించడం ఆ ఇంట్లో మామూలు పని. ఎండాకాలం సెలవులు సరస్సు మధ్యలో ఉన్న ఒక దీవిలో గడిచేవి. అక్కడే మొక్కలు, పూలు, నత్తలు ఆమెకి దగ్గరయ్యాయి.

1880లో ఆమె చెల్లెలు హెర్మీనా చనిపోయింది. ఆ పాపకి పదేళ్లు. హిల్మాకి ఇంకా పద్దెనిమిది నిండలేదు. అప్పట్లో యూరప్ అంతటా చనిపోయినవాళ్లతో మాట్లాడే ప్రయత్నం చేసే సమావేశాలు జరిగేవి. హిల్మాకి వాటి మీద అప్పటికే ఆసక్తి ఉంది. చెల్లెలు పోయాక అది ఇంకా లోతుగా వెళ్లింది.

అలాగని ఈవిడ ఏదో లోకంలో తేలిపోతున్న మనిషి అనుకోకండి. 1882లో స్టాక్‌హోమ్‌లోని రాయల్ అకాడమీలో చేరింది. స్వీడన్‌లో ఆడవాళ్లని అకాడమీలో చేర్చుకోవడం 1864లోనే మొదలైంది. చాలా దేశాలకన్నా అది ముందే. 1887లో మంచి పేరుతో బయటికొచ్చింది. ఆ తర్వాత పోర్ట్రెయిట్లు, ప్రకృతి దృశ్యాలు వేసి అమ్ముకుంటూ తన కాళ్ల మీద తను నిలబడింది. మొక్కల బొమ్మలైతే ఆకు ఈనెలు కూడా లెక్కపెట్టగలిగేంత కచ్చితంగా వేసేది. 1900 ప్రాంతంలో పశువైద్య సంస్థ కోసం కూడా బొమ్మలు వేసింది. అంటే "బొమ్మ వేయడం రాక అబ్‌స్ట్రాక్ట్‌లోకి వెళ్లారు" అనే డైలాగ్ ఈవిడ దగ్గర అస్సలు చెల్లదు.

మరి ఇంత కచ్చితంగా పూలు వేసే మనిషి, కనిపించని వాటిని వేయడం ఎందుకు మొదలుపెట్టింది?

ఆ రోజుల్ని ఊహించుకోండి. 1880ల చివర్లో హెర్ట్జ్ అనే శాస్త్రవేత్త గాల్లో కనపడకుండా ప్రయాణించే తరంగాలున్నాయని నిరూపించాడు. 1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రే కనిపెట్టాడు. చేతిని ఫోటో తీస్తే లోపలి ఎముకలు కనిపిస్తున్నాయి! కంటికి కనిపించేదే ప్రపంచం అన్న నమ్మకం సైన్స్ వల్లే కదిలిపోయింది. ఇప్పుడు మనం వైఫై కనపడకపోయినా ఉందని నమ్ముతాం కదా, అప్పటివాళ్లకి అది కొత్త అనుభవం. తరంగాలు ఉన్నప్పుడు ఆత్మలు ఎందుకు ఉండకూడదు అని చదువుకున్నవాళ్లే అడిగేవారు.

ఆ టైంలోనే బాగా పాకిన ఆలోచన థియోసఫీ, అంటే దివ్యజ్ఞాన సమాజం. ఇది మనకి బాగా దగ్గరి విషయం. దాని ప్రధాన కేంద్రం చెన్నైలోని అడయారు. దానికి నాయకత్వం వహించిన అనీ బిసెంట్ పేరుతోనే మదనపల్లెలో బిసెంట్ థియోసాఫికల్ కాలేజీ ఉంది. మన జిడ్డు కృష్ణమూర్తిని చిన్నప్పుడే చేరదీసింది కూడా వీళ్లే. అన్ని మతాల వెనకా ఒకే సత్యం ఉందని, కంటికి కనపడని పొరలు సృష్టిలో ఉన్నాయని వీళ్లు చెప్పేవారు. బిసెంట్, లెడ్‌బీటర్ కలిసి ఒక పుస్తకం వేశారు. ఆలోచనలకి, కోపానికి, ప్రేమకి ఏ రంగు, ఏ ఆకారం ఉంటాయో బొమ్మలతో చూపించిన పుస్తకం అది. హిల్మా స్వీడన్‌లో థియోసఫీ సభ్యురాలు. కాండిన్‌స్కీ, మోండ్రియాన్ కూడా థియోసఫీ చదివినవాళ్లే. అంటే అబ్‌స్ట్రాక్ట్ పెయింటింగ్ పుట్టుకలో అడయారు నుంచి వెళ్లిన ఆలోచనలకీ కొంత వాటా ఉంది.

1896లో హిల్మా, ఇంకో నలుగురు ఆడవాళ్లు కలిసి ఒక చిన్న గుంపుగా ఏర్పడ్డారు. పేరు కూడా సింపుల్: ద ఫైవ్, అంటే ఐదుగురు. అందులో ఒకరు అన్నా కాసెల్, అకాడమీ రోజుల నుంచీ హిల్మా స్నేహితురాలు. శుక్రవారాలు కలిసేవారు. ప్రార్థన, బైబిల్ చదవడం, ఆ తర్వాత ధ్యానంలో కూర్చోవడం. ఆ స్థితిలో చెయ్యి దానంతటదే కదిలినట్టు రాసేవారు, గీసేవారు. తమతో కొందరు ఉన్నత ఆత్మలు మాట్లాడుతున్నాయని నమ్మేవారు. వాళ్ల పేర్లు కూడా రాసుకున్నారు: అమాలియెల్, గ్రెగర్, జార్జ్... అందులో ఒక పేరు వింటే మీరు ఉలిక్కిపడతారు: ఆనంద. బుద్ధుడి శిష్యుడి పేరు. స్టాక్‌హోమ్‌లో ఒక గదిలో ఐదుగురు స్వీడిష్ ఆడవాళ్లు ఆనందతో మాట్లాడుతున్నామని నోట్‌బుక్‌లో రాసుకుంటున్నారు!

ఇవన్నీ నమ్మాలా వద్దా అన్నది మీ ఇష్టం. నా ఉద్దేశం అడిగితే, ఆమె నమ్మింది అన్నది ముఖ్యం. ఎందుకంటే ఆ నమ్మకమే ఆమెకి ఒక అనుమతి ఇచ్చింది. 1900ల్లో పెళ్లికాని ఒక మహిళా చిత్రకారిణి "నేనే సొంతంగా ఒక కొత్త కళ కనిపెడతాను" అంటే వినేదెవరు? "పై నుంచి నాకు పని అప్పజెప్పారు" అనుకుంటే, ధైర్యం కోసం ఇంకెవరినీ అడగక్కర్లేదు.

ఆ పని 1906లో వచ్చింది. ఒక ఆలయం కోసం చిత్రాలు వెయ్యాలి అన్నది సందేశం. గుంపులో మిగతావాళ్లు జంకారు, ఇలాంటి పనిలో దిగితే మతి చెడుతుందేమో అని. హిల్మా ఒప్పుకుంది. అప్పటికి ఆమెకి 43 ఏళ్లు. ఇది గుర్తుంచుకోండి. ఇరవై ఐదేళ్లకి ఏమీ సాధించలేదని బెంగపడే వాళ్లకి చెప్తున్నా, ఈవిడ అసలు పని మొదలుపెట్టింది 43 దాటాక.

1906 నవంబర్‌లో మొదటి సిరీస్ మొదలైంది. చిన్న సైజు కాన్వాసులు. నీలం, పసుపు, ఆకుపచ్చ. సుడులు తిరిగే గీతలు, నత్తగుల్ల లాంటి మెలికలు, అక్షరాలు. ఆమె లెక్కలో నీలం స్త్రీ, పసుపు పురుషుడు, రెండూ కలిసిన ఆకుపచ్చ వాళ్ల కలయిక. సృష్టి మొదట్లో ఒక్కటిగా ఉన్నది రెండుగా విడిపోయింది, మళ్లీ ఒక్కటవ్వాలని తిరుగుతోంది. ఇదీ ఆ బొమ్మల వెనక ఉన్న కథ. మనకి అర్ధనారీశ్వరుడు తెలుసు కాబట్టి ఈ ఆలోచన అంత వింతగా అనిపించదు.

తర్వాతి ఏడాది, 1907లో, ఆమె చేసింది చూస్తే ఇప్పటికీ మతి పోతుంది. 'ద టెన్ లార్జెస్ట్' అనే పది పెయింటింగ్‌లు. ఒక్కొక్కటి సుమారు 3.2 మీటర్ల ఎత్తు, 2.4 మీటర్ల వెడల్పు. అంటే మన ఇళ్లల్లో గది గోడ కింద నుంచి పై దాకా కప్పేసి ఇంకా మిగులుతుంది. పెద్ద కాగితాల మీద టెంపెరా రంగులతో వేసి, తర్వాత కాన్వాస్‌కి అంటించినవి. అక్టోబర్‌లో మొదలుపెడితే డిసెంబర్‌కి పదీ పూర్తి.

సబ్జెక్ట్ ఏంటంటే మనిషి జీవితం. మొదటి రెండు బాల్యం, తర్వాత రెండు యవ్వనం, ఆ తర్వాత నాలుగు నడి వయసు, చివరి రెండు ముసలితనం. బాల్యం ముదురు నీలం మీద పూల దండల్లా ఉంటుంది. యవ్వనానికి వచ్చేసరికి మొత్తం నారింజ రంగు, సుడులు తిరుగుతూ గంతులేస్తూ ఉంటుంది. నడి వయసు లేత ఊదా రంగు, మధ్యలో విచ్చుకున్న పెద్ద పెద్ద పూల లాంటి ఆకారాలు. ముసలితనం దగ్గరికొచ్చేసరికి గోల తగ్గి, బొమ్మ పలచబడి, ఖాళీ ఎక్కువవుతుంది. ఎక్కడా ఒక్క మనిషి బొమ్మ లేదు. కానీ ఏది బాల్యమో, ఏది యవ్వనమో ఎవరూ చెప్పకుండానే చాలావరకు అర్థమవుతుంది. వీలైతే పెద్ద స్క్రీన్ మీద చూడండి. ఫోన్‌లో అవి స్టిక్కర్లలా కనిపిస్తాయి.

ఇంకో మాట. ఇంత పెద్ద పని ఆమె పూర్తిగా ఒక్కతే చెయ్యలేదు. గుంపులోని స్నేహితురాళ్లు సాయం పట్టారు. అన్నా కాసెల్ లాంటివాళ్ల పాత్ర మనం అనుకున్నదానికన్నా పెద్దదని కొందరు పరిశోధకులు ఇప్పుడు గట్టిగా వాదిస్తున్నారు. "ఒంటరి మేధావి" కథ వినడానికి బాగుంటుంది గానీ, ఇక్కడ నిజం ఒక స్నేహితుల గుంపు.

1906 నవంబర్ నుంచి 1908 ఏప్రిల్ మధ్య మొత్తం 111 చిత్రాలు. ఏడాదిన్నరలో! ఆ తర్వాత ఒక్కసారిగా ఆగిపోయింది. నాలుగేళ్లు గ్యాప్.

ఎందుకు? ఇక్కడే ఇంటర్నెట్ కథ ఒకటుంది. 1908లో ఆమె రుడాల్ఫ్ స్టైనర్ అనే ఆధ్యాత్మిక గురువుని కలిసింది. ఆయన ఈ బొమ్మల్ని మెచ్చుకోలేదని, లోకానికి ఇవి యాభై ఏళ్లదాకా అర్థం కావన్నాడని, ఆమె గుండె పగిలి కుంచె పక్కన పెట్టేసిందని చెప్తారు. సినిమా సీన్‌లా ఉంటుంది. కానీ ఆయన నిజంగా ఏమన్నాడన్నదానికి గట్టి ఆధారం లేదు. గట్టిగా తెలిసిన విషయం ఇంకోటుంది. అదే ఏడాది హిల్మా వాళ్లమ్మకి చూపు పోయింది. చూసుకోవాల్సింది ఇంట్లో పెళ్లికాని కూతురు. ఆమె స్టూడియో వదిలేసి అమ్మ దగ్గరికి వెళ్లిపోయింది.

ఇది చదివినప్పుడు నాకు చాలాసేపు ఆ పేజీ తిప్పబుద్ధి కాలేదు. కళ ఎందుకు ఆగిందంటే మనం గురువుల్ని, గొప్ప గొప్ప గొడవల్ని వెతుకుతాం. చాలాసార్లు కారణం వంటింటికీ మంచానికీ మధ్య ఉంటుంది. అమ్మకి అన్నం పెట్టాలి, మందులు వెయ్యాలి, చెయ్యి పట్టుకుని నడిపించాలి. ఇలా చదువో ఉద్యోగమో మధ్యలో ఆపిన అక్కలు, పిన్నులు మనందరి ఇళ్లల్లోనూ ఉన్నారు. వాళ్ల గురించి ఎవరూ వీడియోలు చెయ్యరు.

1912లో మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి పద్ధతి మారింది. ఇంతకుముందు చెయ్యి దానంతటదే కదిలిందనేది. ఇప్పుడు సందేశం వస్తుంది గానీ దాన్ని ఎలా వెయ్యాలో నిర్ణయించేది తనే. బొమ్మల్లో ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. సుడులు తగ్గి, జామెట్రీ పెరిగింది. 1914, 1915ల్లో వేసిన హంసల సిరీస్ దీనికి మంచి ఉదాహరణ. మొదటి బొమ్మలో ఒక తెల్ల హంస, ఒక నల్ల హంస ఎదురెదురుగా, ముక్కు ముక్కు ఆనించి ఉంటాయి. గుర్తుపట్టే హంసలే. వరసగా చూస్తూ వెళ్తే అవి కలబడతాయి, ముక్కలవుతాయి, కాసేపటికి హంసలు మాయమై గుండ్రటి వలయాలు, రంగుల చక్రాలు మిగులుతాయి. ఒక వస్తువు అబ్‌స్ట్రాక్ట్‌గా ఎలా మారుతుందో స్టెప్ బై స్టెప్ చూపించినట్టే. అబ్‌స్ట్రాక్ట్ ఆర్ట్ అర్థం కాదనేవాళ్లకి ముందు ఈ సిరీస్ చూపించండి.

1915లో ఆలయం చిత్రాలు పూర్తయ్యాయి. మొత్తం 193. చివరి మూడూ ఆలయంలో పీఠం దగ్గర పెట్టడానికి వేసినవి. ఒకదాంట్లో రంగురంగుల మెట్లలా త్రికోణం పైకెళ్లి బంగారు సూర్యుణ్ణి తాకుతుంది. ఆలయం మాత్రం కట్టలేదు. అది మెలి తిరుగుతూ పైకెళ్లే భవనంగా ఉండాలని ఆమె ఊహించుకుంది. ఈ మాట కూడా గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

తర్వాత కూడా ఆగలేదు. 1917లో అణువు మీద ఒక సిరీస్ చేసింది. 1919, 1920ల్లో మళ్లీ పూల దగ్గరికెళ్లింది. కానీ ఈసారి ప్రతి పువ్వు పక్కనా ఒక చిన్న డయాగ్రమ్, ఆ పువ్వు మనిషిలోని ఏ గుణానికి సంబంధించిందో ఆమె లెక్క ప్రకారం. పాత నైపుణ్యం, కొత్త భాష పక్కపక్కనే ఉన్నాయి. 1920లో అమ్మ చనిపోయింది. ఆ తర్వాత స్టైనర్ కేంద్రం ఉన్న స్విట్జర్లాండ్‌లోని డోర్నాక్‌కి చాలాసార్లు వెళ్లింది. 1922 నుంచి తడి కాగితం మీద రంగు పారించే వాటర్‌కలర్స్ వేసింది. గీతలు పోయాయి, రంగులే ఒకదాంట్లోకి ఒకటి పాకుతూ బొమ్మవుతాయి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇదంతా లోకానికి ఎందుకు తెలీలేదు?

"ఆమె ఎవరికీ చూపించకుండా దాచేసింది" అంటారు. అది కరెక్ట్ కాదు. ఆమె చూపించాలని చాలా ప్రయత్నించింది. పది ఆల్బమ్‌లు తయారు చేసింది. ప్రతి పెద్ద పెయింటింగ్‌కీ ఒక బ్లాక్ అండ్ వైట్ ఫోటో, పక్కన చేత్తో వేసిన చిన్న రంగుల నకలు. మూడు మీటర్ల బొమ్మల్ని మోసుకెళ్లలేం కాబట్టి, చేతిలో పట్టే గ్యాలరీ చేసుకుంది. ఇప్పుడు మనం ఫోన్ తీసి "ఇదిగో నా వర్క్" అని చూపించినట్టే. 1928లో లండన్‌లో జరిగిన ఒక ఆధ్యాత్మిక సదస్సులో కొన్ని చిత్రాలు ప్రదర్శించింది కూడా. అర్థం చేసుకునేవాళ్లు దొరకలేదు, అంతే.

1932లో ఆమె తన నోట్‌బుక్‌లో ఒక గుర్తు పెట్టుకుంది. ఆ గుర్తున్న పనులన్నీ తను చనిపోయిన ఇరవై ఏళ్ల తర్వాతే తెరవాలి అని. నేను దీన్ని అలకగా చూడను. ఇప్పటివాళ్లకి కాకపోతే రేపటివాళ్లకి పంపుదాం అని అడ్రస్ మార్చిందంతే. దానికి తగ్గట్టే పని చేసింది. పాత నోట్సు మళ్లీ తిరగేసి, టైపు చేయించి, గుర్తులన్నిటికీ అర్థాల పట్టిక తయారు చేసింది. 26,000 పేజీల నోట్సు, 1,200కి పైగా చిత్రాలు, స్కెచ్‌లు. అన్నీ నౌకాదళంలో పనిచేసే మేనల్లుడు ఎరిక్ పేర రాసింది.

1944 అక్టోబర్‌లో ట్రామ్ దిగుతూ పడి, ఆ దెబ్బలతో చనిపోయింది. ఇంకొన్ని రోజుల్లో 82 నిండేవి. అదే 1944లో కాండిన్‌స్కీ కూడా చనిపోయాడు, మోండ్రియాన్ కూడా. ముగ్గురూ ఒకే ఏడాది. వాళ్లిద్దరి పేర్లు అప్పటికే కళా ప్రపంచానికి తెలుసు. ఈవిడ బొమ్మలు చుట్టలు చుట్టి పెట్టెల్లో ఉన్నాయి.

ఎరిక్ వాటిని భద్రంగా దాచాడు. 1970లో స్టాక్‌హోమ్‌లోని ఆధునిక కళల మ్యూజియానికి ఇస్తామంటే వాళ్లు వద్దన్నారు. ఆత్మలు చెప్తే వేసిన బొమ్మలు అనేసరికి అప్పటివాళ్లకి అది కళలా అనిపించలేదు. 1972లో కుటుంబం ఒక ఫౌండేషన్ పెట్టింది. 1984లో ఒక స్వీడిష్ కళా చరిత్రకారుడు హెల్సింకీ సదస్సులో ఈ బొమ్మల గురించి మాట్లాడాడు. 1986లో లాస్ ఏంజెలెస్‌లో కళ, ఆధ్యాత్మికత మీద జరిగిన పెద్ద ప్రదర్శనలో మొదటిసారి లోకం చూసింది. అయినా 2012లో న్యూయార్క్‌లోని మోమా మ్యూజియం అబ్‌స్ట్రాక్షన్ ఎలా పుట్టిందో చెప్తూ భారీ ప్రదర్శన పెడితే, అందులో ఆమె పేరే లేదు.

2013లో స్టాక్‌హోమ్‌లో అప్పుడు వద్దన్న మ్యూజియమే పెద్ద ప్రదర్శన పెట్టింది. 2018లో న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్ మ్యూజియం వంతు. ఆరు లక్షల మందికి పైగా వచ్చారు. ఆ మ్యూజియం చరిత్రలోనే అప్పటిదాకా అంతమంది ఏ ప్రదర్శనకీ రాలేదు. ఇంతకీ గుగ్గెన్‌హైమ్ భవనం ఎలా ఉంటుందో తెలుసా? లోపల దారి మెలి తిరుగుతూ పైకెళ్తుంది. కట్టని ఆలయం గురించి ఇందాక గుర్తుంచుకోమన్నాను కదా, అదే. 2025లో మోమా కూడా ఆమె పూల చిత్రాలతో ప్రత్యేక ప్రదర్శన పెట్టింది.

ఇక నా జవాబు.

తేదీలు చూస్తే 1906, 1907 అనేవి 1911 కన్నా ముందు. అందులో డౌట్ లేదు. 1935లో కాండిన్‌స్కీ న్యూయార్క్‌లోని తన డీలర్‌కి రాస్తూ, 1911లో తను వేసిన బొమ్మే లోకంలో మొదటి అబ్‌స్ట్రాక్ట్ చిత్రం అని గట్టిగా చెప్పుకున్నాడు. అది కరెక్ట్ కాదు. కానీ అబద్ధం ఆడాడని కూడా అనలేం. ఆమె బొమ్మలు ఆయనకి తెలుసని చెప్పడానికి ఆధారమేమీ లేదు.

అలాగని "హిల్మాయే మొదటిది, అయిపోయింది" అనను. ఎందుకంటే 1871లోనే లండన్‌లో జార్జియానా హౌటన్ అనే ఆవిడ ఆత్మల ప్రేరణతో వేసిన రంగుల మెలికల చిత్రాలతో సొంత డబ్బు పెట్టి ప్రదర్శన చేసి నష్టపోయింది. ఇంకా వెనక్కెళ్తే ఇంకెవరు దొరుకుతారో. పైగా హిల్మా తనని అబ్‌స్ట్రాక్ట్ పెయింటర్ అనుకోలేదు. తను నిజంగా ఉన్నదాన్నే, కాకపోతే కంటికి కనపడనిదాన్ని వేస్తున్నాననుకుంది. వాళ్ల తాతలు సముద్రం అడుగుని పటంలో చూపించినట్టు.

కాబట్టి ఇక్కడ రెండు ప్రశ్నలున్నాయి. ముందు ఎవరు చేశారు? దారి ఎవరు వేశారు? కాండిన్‌స్కీ బొమ్మలు వేశాడు, చూపించాడు, పుస్తకం రాశాడు, పాఠాలు చెప్పాడు, ఆయన వెనక వందల మంది నడిచారు. దారి వేసినవాళ్లలో ఆయనకి చోటు ఉండాల్సిందే. హిల్మా ఆయనకన్నా ముందే అక్కడికి చేరింది, కానీ ఆ దారిలో ఎవరూ రాలేదు. ఎందుకు రాలేదన్నదే మనం అడగాల్సిన ప్రశ్న. చూపించుకునే చోటు, రాసే విమర్శకులు, ఇంటిపనికి ఇంకొకరు, ఇవి ఎవరికి దొరికాయి, ఎవరికి దొరకలేదు?

ఇంకోటి కూడా. ఆమె పని మనదాకా వచ్చిందంటే అదృష్టంతో కాదు. ఆమె తేదీలు వేసింది, అర్థాలు రాసింది. మేనల్లుడు పారెయ్యలేదు. మా అమ్మమ్మకి ఒక ముగ్గుల నోట్‌బుక్ ఉండేది. చుక్కల లెక్కలతో సహా, కొన్ని తను సొంతంగా కట్టినవి. ఆవిడ పోయాక ఇల్లు సర్దుతూ పాత పేపర్లతో పాటు తూకానికి వేసేశాం. అప్పుడు ఒక్కరికీ తట్టలేదు. అందులో ఏముందో ఇప్పుడు ఎవరికీ తెలీదు. ఆవిడ హిల్మా అంత గొప్పదని అనట్లేదు. ఎంత గొప్పదో తెలుసుకునే అవకాశమే మేం ఉంచుకోలేదంటున్నాను.

ఈ ఆదివారం ఇంట్లో పెద్దవాళ్లెవరైనా కుట్టిన, గీసిన, రాసినదేమైనా ఉంటే ఫోన్‌తో ఫోటో తీయండి. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, వాళ్లనే అడిగి రాసి పెట్టండి. ఐదు నిమిషాల పని.

ఆ ఒక్క లైను రాసిన అమ్మాయికి థాంక్స్. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.